బొగ్గుసీమలో సూర్యరశ్మి – రామగుండం యాత్ర

విహారయాత్ర అనగానే మన ఉద్యోగుల ఇళ్ళలో తిరుమల, అరకు, ఊటీ వంటి పేర్లు వినిపించడం పరిపాటి. ఈసారి మా కార్యాలయ వినోద సంఘం రామగుండం పేరు ప్రతిపాదించగా ఇళ్ళలో కలిగిన ఆశ్చర్యం అంతా ఇంతా కాదు. "పొగగొట్టాలు చూడడానికి పిల్లలను వెంటబెట్టుకొని ఎవరైనా వెళతారా?" అని ఒక సోదరి నిలదీశారు. అయినప్పటికీ ముందుగా అనుమతి తెచ్చుకొని, పదునాలుగు మందిమి, వారిలో ఐదుగురు పిల్లలు, ఒక శీతకాలపు శనివారం నాడు బయలుదేరాము. మన ఇంటిలో మీట నొక్కగానే వెలిగే దీపం వెనుక ఏమి కాలుతున్నదో, దానిని కాల్చకుండా వెలిగించే మార్గం ఎంతవరకు వచ్చినదో ఒక్కచోట చూడవలెనంటే దక్షిణ భారతంలో రామగుండాన్ని మించిన స్థలం మాకు తోచలేదు.

సికింద్రాబాదు నుండి కాగజ్‌నగర్ వైపు వెళ్ళే రైలు కాజీపేట దాటిన తరువాత జమ్మికుంట, ఓదెల, పెద్దపల్లి మీదుగా సాగుతుంది. దారి పొడవునా వరి, పత్తి చేలు, మామిడి తోటలు. పెద్దపల్లి దాటిన కొంతసేపటికి దృశ్యం మారిపోతుంది. పక్క పట్టాల మీద బొగ్గు నింపిన వ్యాగన్లు బారులు తీరి ఎదురవుతాయి. పిల్లలు వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఏభై దాటగానే విసిగి మానివేశారు. అంతలో దూరాన పొగగొట్టాలు కనిపించినవి.

ఊరి పేరు వెనుక ఒక పురాణగాథ ఉన్నది. వనవాస కాలంలో శ్రీరామచంద్రుడు ఇక్కడ సంచరించెనని, కొండ మీది రాతిలో ఏర్పడిన నీటి గుండాలు ఆయన పేరుతో రాముని గుండాలైనవని స్థానికుల విశ్వాసం. గోదావరి తీరం, కొండలు, గుండాలు, ఇవన్నీ యాత్రికునికి చాలినవే. కాని నేల లోపల బొగ్గు, నేల మీద నది ఒకేచోట ఉండడం ఈ ఊరి తలరాతను మార్చివేసినది. బొగ్గు సింగరేణి గనులది, నీరు గోదావరిది. ఆవిరితో విద్యుత్తు తయారుచేయడానికి ఇంతకన్న అనువైన చోటు ఏమి కావాలి? 1971లో అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఇక్కడ 62.5 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించినది. 1978 నవంబరులో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ, అనగా ఎన్.టి.పి.సి., వారి మహా విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగినది. 1983లో మొదటి యూనిట్ పని ప్రారంభించగా, 2004లో ఏడవ యూనిట్‌తో దాని సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరినది. అరవై రెండున్నర మెగావాట్ల ఆ పెద్దన్న మాత్రం ఏభై ఏళ్ళకు పైగా పనిచేసి 2024లో విశ్రాంతి తీసుకొన్నది.

కేంద్రంలో మాకు మార్గదర్శకులుగా వచ్చిన ఇంజనీరు గారు ఓర్పు గలవారు. పిల్లల ప్రశ్నలకు పెద్దల ప్రశ్నల కన్న ముందు సమాధానమిచ్చేవారు. మొదట బొగ్గు దిగే చోటికి తీసుకొని వెళ్ళారు. గనికి, కేంద్రానికి మధ్య రైలు అదేపనిగా తిరుగుతూ ఉంటుంది. ఈ ఏర్పాటుకు మెర్రీ-గో-రౌండ్ అని పేరు. తిరునాళ్ళలోని రంగులరాట్నం పేరు బొగ్గు రైలుకు పెట్టిన వారెవరో గాని, పిల్లలకు మిక్కిలి నచ్చినది. గాలి ఒత్తిడితో వ్యాగన్ల అడుగు తలుపులు తెరచుకొని బొగ్గు కింది గోతిలోకి జారిపోతుంది. తరువాత దానిని ముఖానికి రాసుకొనే పౌడరంత మెత్తగా విసరి, వేడిగాలితో కలిపి బాయిలర్‌లోకి ఊదుతారు.

ఇక్కడ నుండి మా ప్రశ్నలన్నీ బూడిద గురించే సాగినవి. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, మూడింట ఒక వంతుకు పైనే. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గు కావలెననుకొంటే, 2600 మెగావాట్లు నిండుగా నడిచిన రోజున నలభై వేల టన్నులు దాటి కాలుతుంది. అందులో పదునాలుగు వేల టన్నులకు పైగా బూడిదగా మిగులుతుంది. కొంత బాయిలర్ అడుగున పడుతుంది. ఎక్కువ భాగం పొగతో కలిసి పైకి ఎగయజూస్తుంది. దానిని పట్టేవి ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు అనే యంత్రాలు. మూడు నాలుగు అంతస్తుల మేడలంత పెట్టెల్లో నిలువుగా రేకులు వేలాడుతుంటాయి. వేల వోల్టుల విద్యుత్తుతో బూడిద రేణువులకు ఆవేశం కలిగించి ఆ రేకులకు అంటుకొనేటట్లు చేస్తారు. ఉండి ఉండి సుత్తులు రేకులను కొడితే బూడిద కింది గరాటులలో రాలుతుంది. దుప్పటి దులిపినట్లే, కాకపోతే దుమ్ము ఎగరకుండా దులపడం. మంచి స్థితిలో ఉన్న యంత్రం నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు మించి పట్టివేస్తుంది.

ఆ మిగిలిన కొంచెమే ఊళ్ళ మీద పడేది. అందుకే 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పరిమితులను బిగించినది. 2003 చివరి వరకు స్థాపించిన యూనిట్లకు ఘనపు మీటరు పొగలో వంద మిల్లీగ్రాముల ధూళి, తరువాత వచ్చిన వాటికి ఏభై, 2017 నుండి వచ్చే వాటికి ముప్పది. తరాలు మారిన కొద్దీ అంకె తగ్గుతూ వచ్చినదన్న మాట.

పట్టిన బూడిదను ఏమి చేయాలన్నది రెండవ చిక్కు. నీటిలో కలిపి గొట్టాల ద్వారా పెద్ద చెరువులకు పంపడం పాత పద్ధతి. వేసవిలో ఆ చెరువు ఆరి గాలి వీచినదంటే దగ్గరి గ్రామాలలో ఆరవేసిన బట్టలు, తెరచి ఉంచిన అన్నం, ఏదీ మిగలదు. బొగ్గు కేంద్రం ఉన్న ఏ రాష్ట్రంలోనైనా ఈ మాట వినిపిస్తుంది. 1999 నుండి బూడిద వినియోగంపై ప్రభుత్వం ప్రకటనలు వెలువరిస్తూ వచ్చి, 2021 చివరి ప్రకటనతో మొత్తం బూడిదను వినియోగించవలెనని, లేనిచో పరిహారం చెల్లించవలెనని నిర్దేశించినది. సిమెంటులో నూటికి ముప్పదియైదు పాళ్ళ వరకు బూడిద కలపవచ్చును. అంత మేరకు సున్నపురాయిని కాల్చే పని తప్పుతుంది. బూడిద ఇటుకకు పొలాల పైమట్టి అక్కరలేదు, బట్టీ అక్కరలేదు. సొంత ఇల్లు కట్టుకొంటున్న మన ఉద్యోగ సోదరులు మేస్త్రీతో ఎర్ర ఇటుక కోసం పట్టుబట్టే ముందు ఒకసారి ఆలోచించవలసిన సంగతి ఇది.

కంటికి కనిపించే బూడిద కన్న కనిపించని గంధకం విషయంలో వివాదం ఎక్కువ. పొగలోని గంధకపు వాయువును సున్నపురాయి నీటితో కడిగి జిప్సంగా మార్చే యంత్రాంగాన్ని అమర్చడానికి 2015 నియమాలు రెండేళ్ళ గడువిచ్చినవి. ఆ గడువు పలుమార్లు పొడిగింపబడినది. తుదకు 2025 జూలైలో అత్యధిక కేంద్రాలకు ఈ నిబంధన నుండి మినహాయింపు లభించినది. పది లక్షలు దాటిన జనాభా గల నగరాలకు, దేశ రాజధాని ప్రాంతానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరి వరకు గడువు ఉన్నది. మన బొగ్గులో గంధకం తక్కువని, ఈ యంత్రాంగానికి వ్యయము, విద్యుత్తు, సున్నపురాయి ఎక్కువ కావలసి వస్తుందని ఒక వాదన. వాయువుగా వెలువడిన గంధకం గాలిలో సూక్ష్మధూళిగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుందని, పది కిలోమీటర్ల గీత దానికి తెలియదని మరొక వాదన. మాకు రెండవ వాదనలో బలం ఎక్కువగా కనిపించినది. మా బృందంలోని ఒక మిత్రుడు మొదటి పక్షం వహించగా మధ్యాహ్న భోజనం వరకు చర్చ సాగినది.

భోజనానంతరం జలాశయానికి వెళ్ళాము. ఇంతవరకు ముఖం ముడుచుకొని ఉన్న సోదరీమణులు ఇక్కడ మాత్రం నోరు తెరిచారు. కేంద్రానికి నీరందించే ఆ జలాశయంలో ఐదు వందల ఎకరాల మేర నీటి మీద సౌర ఫలకాలు తేలుతున్నవి. గట్టు మీద నుండి చూస్తే, నీలి చీరకు నల్లని గళ్ళు నేసినట్లున్నది. ఆ గళ్ళ అంచుల మీద నీటికాకులు రెక్కలు ఆరవేసుకొంటూ కూర్చున్నవి. ఆ పక్షుల రెట్టలను కడగడం ఇక్కడి పనివారికి నిత్యకృత్యమట.

ఈ కేంద్రపు సామర్థ్యం 100 మెగావాట్లు. 2022 జూలై 1 నుండి పూర్తిగా వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చినప్పుడు తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాలలో మన దేశంలో ఇదే పెద్దది. నలభై భాగాలుగా విభజించి, ఒక్కొక్క దానిలో 11,200 ఫలకాలు అమర్చారు. అంటే మొత్తం నాలుగున్నర లక్షలకు కొంచెం తక్కువ. ఇవి తేలడానికి ప్లాస్టిక్ తెప్పలు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సైతం నీటి మీదనే, ఫెర్రో సిమెంటుతో చేసిన తెప్పల మీద నిలిచి ఉన్నవి. సిమెంటు తేలుతుందా అని ఒక బాలుడు అడిగాడు. "ఇనుప ఓడ తేలడం లేదా బాబూ?" అన్నారు ఇంజనీరు గారు. జలాశయం అడుగున పెద్ద కాంక్రీటు దిమ్మెలు వేసి, వాటికి బలమైన తాళ్ళతో ఈ తెప్పలన్నిటిని కట్టారు. నీటిమట్టం పెరిగినా తగ్గినా తాళ్ళకు సర్దుబాటు ఉంటుంది. తయారైన విద్యుత్తు భూగర్భ కేబుళ్ళ ద్వారా పాత స్విచ్‌యార్డుకే చేరుతుంది.

నేల మీద పెట్టక నీటి మీద ఎందుకు? ఇంత సామర్థ్యానికి నేల మీద అయితే నాలుగైదు వందల ఎకరాలు సేకరించవలసి ఉండేది. ఇక్కడ ఒక్క రైతు పొలమూ పోలేదు. కింద నీరుండడం వలన ఫలకాలు కొంత చల్లగా ఉండి, ఉత్పత్తి మెరుగుపడుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. మరొక లాభం నీటి పొదుపు. నీడ పడడం వలన ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా నిలుస్తుందని అంచనా. మాకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, పదివేల లీటర్ల ట్యాంకర్లు మూడు లక్షల పాతిక వేలు.

గట్టు మీద బోర్డు చదువుతున్న మా లెక్కల విభాగపు మిత్రుడు జేబులో నుండి పెన్సిలు తీశాడు. ఈ సౌర కేంద్రం వలన సంవత్సరానికి 1,65,000 టన్నుల బొగ్గు, 2,10,000 టన్నుల బొగ్గుపులుసు వాయువు తప్పుతాయని ప్రకటిత అంచనా. ఉదయం చెప్పుకొన్న లెక్క ప్రకారం ఎదురుగా ఉన్న కేంద్రం నిండుగా నడిస్తే రోజుకు నలభై వేల టన్నులు దాటి తింటుంది. "అంటే సూర్యుడు ఏడాదంతా కష్టపడి మిగిల్చినది అది నాలుగు రోజులలో తినివేస్తుంది" అని తేల్చాడు. ఎవరమూ మాట్లాడలేదు. అంతవరకు ఐదు వందల ఎకరాలు ఎంతో విశాలంగా కనిపించినవి. ఆ లెక్క తరువాత వెనుకనున్న పొగగొట్టాలే పెద్దవిగా కనిపించసాగినవి.

ఇంజనీరు గారు ఈ లెక్కకు చిన్నబుచ్చుకోలేదు. ఇది మొదటి మెట్టు అని, మెట్టును మేడతో పోల్చరాదని అన్నారు. నిజమే. దేశమంతటి లెక్క చూసినా పరిస్థితి ఇటువంటిదే. 2025 జూన్ చివరికి మన దేశపు స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలు కానిదైనది. అంతర్జాతీయంగా 2030కి ఇచ్చిన మాట ఐదేళ్ళు ముందుగానే నెరవేరినది. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. మనం వాడే విద్యుత్తులో ఇప్పటికీ డెబ్బై శాతానికి పైగా బొగ్గు నుండి వచ్చినదే. సూర్యుడు పగలు మాత్రమే కొలువు చేస్తాడు. మన ఇళ్ళలో దీపాలు, టీవీలు, ఎ.సి.లు వెలిగేది ఆయన ఇంటికి వెళ్ళిన తరువాత.

ఆ రాత్రి అవసరానికే కాబోలు, ఇదే రామగుండంలో మరొక కొత్త బొగ్గు కేంద్రం లేచినది. తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రంలోని 800 మెగావాట్ల మొదటి యూనిట్ 2023 అక్టోబరులో, రెండవది 2024 మార్చిలో జాతికి అంకితమైనవి. ఆవిరిని అత్యధిక పీడనానికి, ఉష్ణోగ్రతకు తీసుకొని వెళ్ళే అల్ట్రా సూపర్ క్రిటికల్ పద్ధతి వీటిది. బొగ్గులోని వేడిలో సుమారు 42 శాతం విద్యుత్తుగా మారుతుంది. పాత పద్ధతిలో అది 35 నుండి 38 వరకు మాత్రమే. అదే యూనిట్‌కు తక్కువ బొగ్గు, తక్కువ బూడిద. అయినా అది బొగ్గే. ఇటువంటి కేంద్రాలు పాతిక, ముప్పదియేండ్లు నడిచేవి. ఆ లెక్కన మాతో వచ్చిన పిల్లలు ఉద్యోగాలలో స్థిరపడిన నాటికి కూడా ఇవి పనిచేస్తూ ఉంటాయి.

నియంత్రణ గదిలో మరొక విశేషం తెలుసుకొన్నాము. వెనుకటి రోజులలో బొగ్గు యూనిట్‌ను నిండుగా, నిలకడగా నడపడమే గొప్ప. నేడు మధ్యాహ్నం సౌర విద్యుత్తు వెల్లువెత్తగానే బెంగళూరులోని ప్రాంతీయ భార పంపిణీ కేంద్రం నుండి ఉత్పత్తి తగ్గించమని ఆదేశం వస్తుంది. సాయంత్రం కాగానే పెంచమని వస్తుంది. బొగ్గు యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతానికి, దశలవారీగా 40 శాతానికి దిగి నడవగలగాలని 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నియమం చేసినది. ఇలా దించి ఎత్తడం వలన లోహానికి అలసట, బొగ్గు ఖర్చులో పెరుగుదల తప్పవు. ఉదయం మమ్ములను నిలదీసిన సోదరి ఇది విని, "అర్థమైనది. కుంపటిని గ్యాస్ పొయ్యిలాగా పెంచి తగ్గించమంటున్నారు" అన్నారు. ఇంజనీరు గారు ఆ పోలికను తమ శిక్షణ తరగతులలో వాడుకొంటామని అనుమతి అడిగారు!

కుంపటిని వేధించకుండా ఉండాలంటే పగటి ఎండను రాత్రికి దాచుకోవాలి. బ్యాటరీలు ఒక మార్గం. నీటిని పైకి తోడి పెట్టుకొని, అవసరమైనప్పుడు కిందికి వదలడం మరొక మార్గం. నాగార్జునసాగర్‌లోను, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోను ఇటు టర్బైనుగా, అటు పంపుగా పనిచేసే యంత్రాలు ఎప్పుడో అమర్చారు. ఎండ విద్యుత్తు కోసం కాకపోయినా మన పెద్దలు ముందుచూపుతో కట్టినవి నేడు అక్కరకు వస్తున్నవి. వ్యవసాయ మోటార్లు రాత్రి మాని పగలు నడిస్తే అదీ ఒక విధమైన నిల్వే. రైతుకు పాముల భయం, నిద్రలేమి కూడా తప్పుతాయి.

సాయంత్రం గోదావరిఖనికి వెళ్ళాము. మా బృందంలోని ఒక మిత్రుని మేనమామ గారు అక్కడ నివసిస్తున్నారు. ముప్పదియేండ్లకు పైగా భూగర్భ గనిలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. గనిని ఇక్కడ బాయి అంటారు. టీ తాగుతూ మేము జలాశయం విశేషాలు ఉత్సాహంగా చెబుతుంటే ఆయన చివరి దాకా విన్నారు. "మంచిదే అల్లుడా. మేం మింగిన దుమ్ము మా పిల్లలు మింగొద్దు. గాని ఒక బాయి మూతపడితే ఎన్ని ఇండ్లల్ల పొయ్యి ఆరుతదో, అది గూడ మీ లెక్కల రాసుకున్నరా?" అని అడిగారు. పెన్సిలు గల మిత్రుడు తల వంచుకొన్నాడు.

ఆ ప్రశ్నకు సగం సమాధానం సింగరేణి చరిత్రలోనే ఉన్నది. 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగుల సంఖ్య నేడు సుమారు నలభై వేలకు దిగినది. ఆ తగ్గుదల సూర్యుని వలన కలిగినది కాదు. భూగర్భ గనుల స్థానంలో ఉపరితల గనులు, మనుషుల స్థానంలో భారీ యంత్రాలు రావడం వలన కలిగినది. బొగ్గు ఉత్పత్తి పెరుగుతుండగానే ఉద్యోగాలు తగ్గినవి. కనుక బొగ్గు నిలిచినంత మాత్రాన కొలువులు నిలుస్తాయని అనుకోరాదు. సింగరేణి సంస్థ సైతం తన భూములలో సౌర కేంద్రాలు నెలకొల్పినది. అయితే వాటిలో కట్టేటప్పుడు ఉన్నంత పని నడిపేటప్పుడు ఉండదు. ఫలకాలు కడగడానికి, తాళ్ళు, కేబుళ్ళు చూడడానికి కొద్దిమంది చాలు. మిగిలిన సగం సమాధానం మా వద్ద లేదు. ఆయన మనుమడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నాడు. ఇంజనీరు గారు చెప్పిన ఇన్వర్టర్ల సంగతులు ఆ అబ్బాయి మా చేత రెండుసార్లు చెప్పించుకొన్నాడు. మాకు తెలిసినది అయిపోగా, మరునాడు ఉదయం మాతోపాటు జలాశయం గట్టు దాకా వచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు కూడా.

వెళ్ళదలచిన మన ఉద్యోగ సోదరులకు రెండు మాటలు. రామగుండం రైల్వేస్టేషన్ కాజీపేట – బల్లార్షా మార్గంలో ఉన్నది. విద్యుత్ కేంద్రంలో ప్రవేశానికి ముందుగా వ్రాసి అనుమతి పొందడం అవసరం. వేసవిలో ఆ ఎండను ఫలకాలే భరించాలి, మనుషుల తరం కాదు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. రెండు రోజులు వ్యవధి ఉన్నవారు రామగిరి ఖిల్లాను, గోదావరి ఒడ్డున వేదవిద్యకు పేరెన్నికగన్న మంథనిని, ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరాన్ని కూడా చూచి రావచ్చును. ఖిల్లా ఎక్కేవారు మంచినీళ్ళు వెంట తీసుకొని వెళ్ళాలి.